సెల్యూట్‌కు కొదవ లేదు

మా అనంతపురం జిల్లా వజ్రకరూరులో రాయికి వెలకట్టే పద్ధతి ఒకటుంది. తొలకరి పడి ఎర్రనేల కడిగినట్టయ్యాక, పొద్దు పొడవకముందే ఆడా మగా పిల్లా పాపా చేలల్లో వంగి నడుస్తారు. ఎవరి అదృష్టమో పండి రాయి తళుక్కుమందా, కాసేపటికే వ్యాపారి వాలిపోతాడు. వేళ్ళ మధ్య పెట్టి తిప్పుతాడు, ఎండకు పట్టి చూస్తాడు. ‘మచ్చుందప్పా’, ‘రంగు లేదు’, ‘అంచు ఇరిగింది’ అని పెదవి విరుస్తాడు. దొరికినవాడి చేతిలో ఉన్నంతసేపూ అది గాజుపెంకు. చెయ్యి మారిన మరుక్షణం వజ్రం. ఈ విద్యలో మా వ్యాపారుల్ని మించినవాళ్ళు లేరని చాలాకాలం మురిసిపోయాం. 2022 జూన్ 14న ఢిల్లీ మా గర్వం అణిచేసింది.

ఆ రోజు కుర్రాళ్ళను నాలుగేళ్ళకు సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. మా వ్యాపారి కొనేదాకా గాజంటాడు, కొన్నాక వజ్రమంటాడు. ఢిల్లీవారు దాన్ని తిరగేశారు. వాడుకున్నంతసేపూ వజ్రం, లెక్క తేల్చేటప్పుడు గాజు.

ఈ మిట్టనేలలో వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస. రెండూ కాదనుకున్న కుర్రాళ్ళు మిలిట్రీ. ఉరవకొండ వైపు వెళ్ళినా, గుత్తి వైపు వెళ్ళినా, తెల్లారుజామున రోడ్డు పక్కన చెమటలు కక్కుతూ పరుగెత్తే పిల్లలు కనబడతారు. 1,600 మీటర్ల పరుగు నెగ్గితే బతుకు నెగ్గినట్టేనని వాళ్ళ నమ్మకం. తప్పేముంది? ఊళ్ళో పింఛనందుకునే మిలిట్రీ పెద్దాయన్ని చూసే కదా వాళ్ళు పరుగు మొదలుపెట్టింది! ఆ పెద్దాయనకు నెలనెలా పింఛను, జబ్బు చేస్తే వైద్యం, పండక్కి క్యాంటీన్ సరుకు. ఆ సరుకు దిగిన రోజు ఊళ్ళో ఆయనకు దొరికే మర్యాద కలెక్టరుకు కూడా దొరకదు.

ఈ పథకంలో చేరే అగ్నివీరుడికి కొలువు దిగాక ఇవేవీ ఉండవు. ఉండేవి చెప్పుకుందాం. ఉద్యోగం నాలుగేళ్ళు. జీతం మొదటి ఏడు నెలకు 30 వేలు, నాలుగో ఏడు 40 వేలు. అందులో 30 శాతం సేవానిధికి పట్టుకుంటారు. అంతకంతా సర్కారు కలిపి, నాలుగేళ్ళు నిండాక వడ్డీతో దాదాపు 11 లక్షల 71 వేలు చేతిలో పెడతారు. దాని మీద పన్ను లేదు. పింఛనూ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. నూటికి పాతిక మందిని ఉంచుకుని, తక్కిన వాళ్ళకు ధ్రువపత్రం ఇచ్చి సాగనంపుతారు. సెలవులు ఏడాదికి 30 రోజులు. పక్క మంచం మీది పాత సిపాయికి 90. చలి ఇద్దరికీ ఒకటే, కాపలా ఇద్దరికీ ఒకటే, అవతలి నుంచి వచ్చే తూటా మాత్రం అర్హతల పట్టిక చదువుకుని రాదు.

ఇంతకీ ఇతడు సిపాయా? కాదు. అగ్నివీరుడన్నది ఉన్న హోదాలన్నిటికీ వేరైన హోదా అని పథకంలోనే రాసుకున్నారు. యూనిఫాం మీద విడిగా ఒక గుర్తు కూడా పెట్టారు. పంక్తిలో అందరినీ కూర్చోబెట్టి, ఒకడి విస్తరికి మాత్రం చుక్క పెట్టినట్టు. నెయ్యి వడ్డించేవాడు పొరపడకూడదు కదా!

పథకం పుట్టిన వారంలో పెద్దలు పలికిన ముత్యాలు ఇంకా గుర్తున్నాయి. మన తెలుగువాడైన కేంద్రమంత్రి కిషన్ రెడ్డిగారు, అగ్నివీరులకు డ్రైవరు పని, ఎలక్ట్రీషియను పని, బట్టలుతకడం, క్షవరం వంటి నైపుణ్యాలు అబ్బుతాయన్నారు. ఆ పనులు చేసుకు బతికేవాళ్ళను తక్కువ చేయబోను. కాకపోతే వాటిని నేర్చుకోవడానికి సియాచిన్ దాకా పోనక్కర్లేదు, గుంతకల్లులో బస్సు దిగితే చాలు. అధికార పార్టీ అప్పటి ప్రధాన కార్యదర్శి కైలాశ్ విజయవర్గీయగారు ఇంకో మెట్టెక్కి, తమ పార్టీ కార్యాలయానికి కాపలావాణ్ణి పెట్టుకోవాల్సి వస్తే అగ్నివీరుడికే పెద్దపీట అన్నారు. దేశానికి కాపలా కాసినవాడికి అంతకు మించిన పదోన్నతి ఏముంటుంది!

పిల్లలు కడుపుమండి రోడ్డెక్కారు. జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్లో బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడొకడు ప్రాణం విడిచాడు. ఆపైన సైన్యం ఒక షరతు పెట్టింది. దరఖాస్తు చేసేవాడు తాను ఆందోళనలోనూ విధ్వంసంలోనూ పాల్గొనలేదని రాసివ్వాలి. పోరాడలేదని రాసిస్తేనే పోరాడే కొలువు. వేమనకు కూడా తట్టని చమత్కారం.

ఇక నవ్వు ఆపుకోవాల్సిన చోటికి వచ్చాం.

ఒకప్పటి మా అనంతపురం జిల్లాలోదే, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన గోరంట్ల మండలం కల్లి తండా. అక్కడి సుగాలీ కుటుంబంలో పుట్టిన మురళీ నాయక్ అగ్నివీరుడయ్యాడు. ఈ కరువు సీమలో చాలామందికి మల్లే అతని తల్లిదండ్రులు ముంబైకి వలసపోయి కూలి చేసుకు బతికినవాళ్ళు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ వేళ, జమ్మూ కశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళి నేలకొరిగాడు. మే 11న తండాలో అంత్యక్రియలు జరిగాయి. త్రివర్ణ పతాకం కప్పారు, గాలిలోకి తుపాకులు పేల్చారు, ఉప ముఖ్యమంత్రి వచ్చారు, మంత్రులు వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల పొలం, 300 గజాల ఇంటిస్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. కేంద్రం లెక్కలో బీమా 48 లక్షలు, విధి నిర్వహణలో పోయినందుకు 44 లక్షలు ఉన్నాయి. ఇవి చిన్న మొత్తాలు కావు. ఇచ్చినవాళ్ళను తప్పుపట్టను.

అయినా ఆ తల్లి బాంబే హైకోర్టు మెట్లెక్కింది. ‘ఇంకా ఏం కావాలట?’ అని కొందరు పెదవి విరిచారు. అచ్చం మా రాళ్ళ వ్యాపారి విరుపే. ఆమె అడిగింది తేలిక మాట. పక్క సిపాయి అదే రేఖ దగ్గర, అదే పోరులో పోతే అతని ఇంటికి ఉదార కుటుంబ పింఛను నెలనెలా వస్తుంది. నా బిడ్డ పోతే ఎందుకు రాదు? ఇందులో దురాశ ఎక్కడుంది? నా కొడుకు సైనికుడా కాదా, కాగితం మీద తేల్చండి అంటున్నదామె.

తేల్చడమే ఇష్టం లేదు సర్కారుకు. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే సొమ్ముకూ, ప్రతి నెలా ఒకటో తారీఖున తలవంచి చెల్లించాల్సిన సొమ్ముకూ తేడా దానికి బాగా తెలుసు. మొదటిది దయ. దానికి వేదిక ఉంటుంది, చెక్కు ఉంటుంది, చెక్కుకు అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి ఫోటో దిగే వీలుంటుంది. రెండోది హక్కు. బ్యాంకులో చప్పుడు లేకుండా పడిపోతుంది. అందులో మంత్రిగారి మొహం ఎక్కడ అచ్చేయాలి? అందుకే మనదగ్గర వీరుడికి ఖర్చులేని గౌరవాలన్నీ పుష్కలం. కూడలికి పేరు పెడతారు, బడికి పేరు పెడతారు, ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీలో అమరుడి బొమ్మ అరచేయంత, కట్టించినవారి బొమ్మ ఆకాశమంత.

ఇదంతా నా పైత్యమని కొట్టిపారేయకండి. విధి నిర్వహణలో ప్రాణం పోయిన అగ్నివీరుడి ఇంటికి మామూలు సైనికుడి ఇంటికిచ్చే ప్రయోజనాలన్నీ ఇవ్వాలని రక్షణ శాఖ వ్యవహారాలు చూసే పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. పార్లమెంటు సంఘం సిఫారసుకు ఢిల్లీలో మంచి మర్యాదే ఉంది. దానికి అట్టవేసి, అంకె వేసి, అరలో పెడతారు.

పింఛనంటే ఖజానా బరువెక్కుతుందని పెద్దల బెంగ. నిజమే, బరువే. మరి ఆ తూకం ఎవరింటి గుమ్మంలో ఆగిందో చూద్దాం. పార్లమెంటు సభ్యుడి పింఛనుకు కనీస పదవీకాలం ఉండాలన్న నియమాన్ని 2004లో సుబ్బరంగా ఎత్తేసుకున్నారు. ఎన్నాళ్ళు కూర్చున్నాడన్నది అడగరు, కూర్చున్నాడా లేదా అన్నదే లెక్క. ఆ పింఛను నెలకు 31 వేలు. 2025 మార్చిలో ఉత్తర్వు ఇచ్చి, 2023 ఏప్రిల్ నుంచే లెక్కగట్టుకున్నారు. అగ్నివీరుడి మొదటి ఏడు జీతం ఎంతన్నాను? 30 వేలు. అంటే మంచులో తుపాకీ పట్టుకు నిలబడ్డవాడి జీతం కన్నా, ఎన్నికల్లో ఓడి ఇంట్లో కూర్చున్నవారి పింఛను వెయ్యి రూపాయలు ఎక్కువ. ఓటమికి ఈ దేశంలో మంచి గిట్టుబాటు ధర ఉంది. వేరుశనక్కాయకే లేదు.

సైన్యానికి యవ్వనం తేవడమే మా ధ్యేయం అంటారు. సగటు వయసు 32 నుంచి 26కి దిగుతుందట. శుభం. ఇంత మంచి మందును జవానుకొక్కడికే పోస్తే ఎట్లా? లోక్‌సభ సగటు వయసు 56. అక్కడ కూడా అగ్నిపథ్ తెస్తే సరి. నాలుగేళ్ళకు పిలవండి. జీతంలో 30 శాతం పట్టుకోండి. గడువు తీరాక పనితనం చూసి పాతిక శాతం ఉంచుకుని, మిగతావారికి నైపుణ్య ధ్రువపత్రం ఇచ్చి పంపండి. మైకు విరవడం, కాగితాలు చించడం, బల్ల చరవడం, మూడూ చేతి పనులే. పింఛను వద్దు, మాజీ అని కారుకు బోర్డు వద్దు, తోడు మనిషితో సహా ఏసీ బోగీలో ఉచిత ప్రయాణం వద్దు. వాళ్ళంతట వాళ్ళే ఈ పథకాన్ని స్వాగతిస్తారని నాకు గట్టి నమ్మకం. దేశభక్తి మనకంటే వాళ్ళకే ఎక్కువని వాళ్ళే చెప్పారు కదా.

మరచిపోవడం మన సర్కార్లకు కొత్త విద్య కాదు, పార్టీల తేడా అసలే లేదు. నేతాజీ వెంట నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళను స్వతంత్ర భారత సైన్యం తిరిగి కొలువులోకి తీసుకోలేదు. వాళ్ళ పేరుతో ఓట్లు మాత్రం తీసుకున్నారు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది 1972లో, పాతికేళ్ళ పండగకు. అప్పటికి ఎందరో కాటికి చేరారు. 1987లో శ్రీలంకకు శాంతి సేనను పంపాం. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. కొలంబో శివార్లలో వాళ్ళ పేర్లు చెక్కిన స్మారకాన్ని 2008లో లంక వాళ్ళు నిలబెట్టారు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరుచుకున్నది 2019లో. మన రాజధానిలో మన బిడ్డల పేరు చదవడానికి ఇంకో పదకొండేళ్ళు ఆగాల్సి వచ్చింది. ‘ఒకే హోదా, ఒకే పింఛను’ అడగడానికి 2015లో పతకాలు గుండెకు పెట్టుకుని జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న ముసలి సైనికుల్ని, పంద్రాగస్టుకు ఒక రోజు ముందు పోలీసులు చొక్కాలు పట్టి లాగారు. మర్నాడు ఎర్రకోట మీద సైనికుల త్యాగం గురించి మామూలుగానే చెప్పుకున్నారు.

పాతవాళ్ళకు లాగడానికి కనీసం ఒక పతకం, ఒక సంఘం, మాజీ సైనికులమన్న ఒక పేరు ఉన్నాయి. కొత్తవాళ్ళకు అదీ మిగల్చలేదు. నాలుగేళ్ళ తరువాత ఊరికొచ్చిన అగ్నివీరుడు సైనిక సంక్షేమ కార్యాలయానికి పోతే, నువ్వు ఎవరని అడిగే హక్కు అక్కడి గుమాస్తాకుంది. మాజీ అగ్నివీరుడన్నా ఆ మాటకు క్యాంటీన్లో చక్కెర కూడా రాదు. తొలి జట్టు 2022 డిసెంబరు చివర, 2023 జనవరిలో చేరింది. నాలుగేళ్ళంటే ఎప్పటికో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడు మా తండాలకు తిరిగొచ్చే కుర్రాళ్ళను ఏమని పిలవాలో ఢిల్లీ చెప్పలేదు. మిలిట్రీ ఆయన అందామంటే మిలిట్రీ ఒప్పుకోదు.

కాబట్టి అయ్యలారా, కోరికల చిట్టా పొడుగేమీ కాదు. పోరులో పోయినవాడి ఇంటికి పక్క సిపాయి ఇంటికొచ్చే పింఛనే రావాలి. బతికి వచ్చినవాడికి మాజీ సైనికుడన్న హోదా, దవాఖానా చీటీ, క్యాంటీన్ కార్డు ఉండాలి. ఇందులో కవిత్వం లేదు, కనక మీకు కష్టంగా ఉండొచ్చు. రెండు పేజీల గెజిట్‌తో అయిపోయే పని ఇది.

రేపు ఇంకో తండాకు, ఇంకో శవపేటిక వెంట మీరు రాక తప్పదు. సరిహద్దు అట్లాంటిది. వచ్చేటప్పుడు పూలదండ తేవద్దు, మేం కట్టుకుంటాం. కన్నీళ్ళు అసలే తేవద్దు, మా బావుల్లో నీళ్ళు లేకున్నా వాటికి కరువు లేదు. ఆ గెజిట్ కాపీ తెండి. సంతకం పెట్టిన తేదీ మాత్రం చావుకు ముందుదై ఉండాలి.