పైన పటారం, కింద తుప్పు

(ఇంగ్లండులో రెడింగ్. అక్టోబరు, ఆదివారం ఉదయం. ఇంటి ముందు మాజ్డా బొంగో ఫ్రెండీ వ్యాను. 1996లో జపానులో పుట్టి, 2008లో బ్రిటన్ చేరి, ఈ వేసవిలోనే అల్లుడిగారి చేతికొచ్చింది. అల్లుడు సాఫ్ట్‌వేరు. మామగారు ఆర్టీసీ డిపోలో మెకానికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, ఆర్నెల్ల విజిటర్ వీసా మీద కూతురింటికి వచ్చారు. ఇలాంటి కథల్లో తప్పకుండా ఉండే పక్కవీధి సర్వజ్ఞుడు కాఫీ వేళకి ఎలాగూ వస్తాడు.)

అల్లుడు: చూశారా మావయ్యగారూ, ఈ బటన్ నొక్కితే పైకప్పు దానంతటదే లేస్తుంది. పైన ఇద్దరు హాయిగా పడుకోవచ్చు.

మామగారు: బాగుందండీ. ఇంజనెక్కడ?

అల్లుడు: వెనక సీట్లు మడిస్తే ఇంకో మంచం. కర్టెన్లు మీ అమ్మాయి సెలెక్షను.

మామగారు: చాలా బాగున్నాయి. ఇంజను?

అల్లుడు: ఫ్రిజ్జు పన్నెండు వోల్టులదండీ. ఆనింగు కూడా ఆర్డరిచ్చాను. తలుపు పక్కన పందిరిలా వేసుకుని కింద కుర్చీలు వేసుకుంటే...

మామగారు: పందిరి సరే, పెళ్లికొడుకేడండీ?

అల్లుడు: ఇంజనా? ముందుంటుంది కదండీ. (బానెట్ ఎత్తుతాడు. రేడియేటరు ఉంది, ఏవో సీసాలున్నాయి. మిగతాదంతా ఖాళీ.) ఇదేమిటి!

మామగారు: కంగారు పడకండి, ఎవరూ ఎత్తుకుపోలేదు. మన మారుతీ ఓమ్నీలో లాగే ముందు సీట్ల కింద ఉంటుంది. ఆ సీటు క్లిప్పు ఊడదీసి వెనక్కి వంచండి.

(సీటు వంగుతుంది. అల్లుడు తన బండి ఇంజను మొదటిసారి దర్శిస్తున్నాడు. మామగారు కళ్లజోడు సర్దుకుని, టార్చి వేసి, ఒక లావుపాటి రబ్బరు హోసుని బొటనవేలితో నొక్కుతారు.)

మామగారు: ఇటు రండి, మీరూ నొక్కి చూడండి. మధ్యలో గట్టిగానే ఉంది. ఈ క్లిప్పు దగ్గర ఎలా ఉంది?

అల్లుడు: మెత్తగా ఉందండీ. కాస్త ఉబ్బినట్టు కూడా ఉంది.

మామగారు: అంచున పచ్చగా, ఉప్పు పట్టినట్టు చారలు కనిపిస్తున్నాయా? కూలెంట్ చుక్కచుక్కగా కారి ఆరిపోయిన గుర్తులవి. మీ డ్రైవ్‌వే మీద మరక పడదు, వేడికి ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. ఈ బండిలో రేడియేటరు ముందు, ఇంజను మీరు కూర్చునే చోటు కింద, వెనకవాళ్లకి వేరే హీటరు. నీళ్లు ఇంతదూరం తిరగాలంటే బండి కింద బోలెడన్ని పైపులు, వాటికి బోలెడన్ని అతుకులు. హోసులు ఎప్పుడు మార్చారు?

అల్లుడు: అమ్మినాయన "ఫుల్ సర్వీస్ హిస్టరీ" అన్నాడండీ.

మామగారు: చూపించాడా?

అల్లుడు: జపనీస్‌లో ఉందన్నాడు.

(గేటు చప్పుడు. సర్వజ్ఞుడి ప్రవేశం. ఆయన చేతిలో ఇంకా కాఫీ లేదు గానీ సలహా సిద్ధంగా ఉంది.)

సర్వజ్ఞుడు: నమస్కారం అంకుల్! ఏంటి, కూలెంటా? సింపుల్. రేడియేటర్‌లో పోసే సీలెంటు డబ్బా దొరుకుతుంది, ఒకటి పోసేస్తే ఎన్ని కారుతున్నా మూసుకుపోతాయి.

మామగారు: అవునండీ, కారేవీ మూసుకుపోతాయి, కారనివీ మూసుకుపోతాయి. హీటరులో సన్న గొట్టాలు ముందు పోతాయి.

సర్వజ్ఞుడు: అయితే థర్మోస్టాట్ తీసి పారెయ్యండి. మన ఊళ్లో లారీలవాళ్లంతా చేసేదదేగా?

మామగారు: వాళ్లు మే నెలలో మాచర్ల రోడ్డు మీద చేస్తారు. మీరు జనవరిలో ఇక్కడ చేస్తే ఇంజను ఎప్పటికీ వేడెక్కదు, డీజిలు ఎక్కువ తాగుతుంది, హీటరు చల్లగాలి కొడుతుంది. వెనక పిల్లలు రగ్గులు కప్పుకుని కూర్చుంటారు.

సర్వజ్ఞుడు: పోనీ కూలెంట్‌కి డబ్బు దండగ, కుళాయి నీళ్లు పొయ్యండి.

మామగారు: గడ్డకడితే నీళ్లు పెరుగుతాయి బాబూ. పెరిగే చోటు లేకపోతే ఇనుమైనా పగుల్తుంది.

అల్లుడు: కానీ మావయ్యగారూ, టెంపరేచర్ ముల్లు ఎప్పుడు చూసినా మధ్యలోనే ఉంటుంది. రాళ్లో పాతినట్టు!

మామగారు: అదే నా భయం. మామూలు వేడి కాస్త అటూఇటూ అయినా ముల్లు కదలకుండా ఉండేలా తయారుచేస్తారు. తొణికితే జనం బెంబేలెత్తిపోతారని. అది కదిలిందంటే పని చాలాదూరం వెళ్లిపోయిందన్నమాట. పైగా నీళ్లు కారిపోయి సెన్సరు చుట్టూ గాలి మిగిలిందనుకోండి, అది దేని వేడి చెబుతుంది? ముల్లు మధ్యలో, ఇంజను హెడ్డు ముక్కల్లో.

అమ్మాయి: (కాఫీలు తెస్తూ) హెడ్డు అంటే ఎంతవుతుంది నాన్నా?

మామగారు: మీరు బండికి ఎంతిచ్చారో దానిలో పెద్ద భాగమే. ఈ డీజిల్ బండ్లలో హెడ్డు పగలడం తెలిసిన జబ్బే, మొన్న ఇక్కడి మెకానిక్ ఒకాయన్ని కదిపితే ఆయనా అదే అన్నాడు. మందూ తెలిసిందే. కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గగానే మోగే చిన్న అలారం. ముల్లులా మొహమాటపడదు.

అల్లుడు: (నెమ్మదిగా) అలారం... చూశాను. ఆనింగు వచ్చాక చూద్దామని...

మామగారు: హోసులు మార్చాక కొత్త కూలెంట్ పోసే పని కూడా తెలిసినవాడే చెయ్యాలి. బ్లీడ్ పైపు పైకెత్తి కట్టి, నెమ్మదిగా పోస్తూ, బుడగలు ఆగేదాకా నిలబడాలి. లోపల గాలి చిక్కితే కొత్త హోసులు వేసిన పుణ్యం కూడా దక్కదు.

సర్వజ్ఞుడు: అంకుల్, మీరు మరీ భయపెడుతున్నారు. మొన్నేగా ఎంఓటీ పాసయ్యింది! ఇంకేం కావాలి?

మామగారు: ఎంఓటీ అంటే మన ఎఫ్‌సి లాంటిదేగా? మా డిపోలో నిన్న ఎఫ్‌సి చేయించిన బస్సు ఇవాళ ఘాట్ మీద ఆగిపోయిన రోజులున్నాయి. బ్రేకులు, లైట్లు, టైర్లు, ఛాసిస్ చూస్తారు. ఇంజను లోపల బెల్టు ఎంత పాతదో, హోసు ఎంత మెత్తబడిందో వాళ్ల పరీక్షలో ప్రశ్నే కాదు. అమ్మాయ్, ఈ బండి పాత ఎంఓటీలన్నీ నంబరు కొడితే సర్కారు సైటులో వస్తాయటగా?

అమ్మాయి: (ఫోనులో) ఉన్నాయి నాన్నా. "వెనక చక్రాల దగ్గర తుప్పు." కిందటేడూ అదే. అంతకు ముందేడూ అదే. ఏమండీ, మీరు కొనేముందు ఇది చూశారా?

అల్లుడు: నేను పాస్, ఫెయిల్ వరకే చూశాను.

(ఎక్కువమంది అంతే చూస్తారు. సాఫ్ట్‌వేరువాళ్లు సైతం వార్నింగులు చదవరని దీన్నిబట్టి తెలుస్తోంది.)

మామగారు: జపానులో చాలా ప్రాంతాల్లో ఇక్కడలా చలికాలమంతా రోడ్డు మీద ఉప్పు చల్లరు. అందుకే కొత్తగా వచ్చినప్పుడు అడుగు తళతళలాడుతూ ఉంటుంది, చూసినవాడు మురిసిపోతాడు. ఇక్కడేమో చెషైరులో విన్స్‌ఫర్డ్ గనిలో తవ్విన రాతి ఉప్పు లారీల్లో తెచ్చి చల్లుతారు. 2008 నుంచి ఎన్ని చలికాలాలో లెక్కపెట్టండి.

సర్వజ్ఞుడు: దానికీ సింపుల్. నల్ల రబ్బరు పెయింట్ డబ్బా తెచ్చి అడుగంతా కొట్టెయ్యండి. కొత్త బండిలా ఉంటుంది.

మామగారు: తుప్పు మీద కొడితే పైకి కొత్తగానే ఉంటుంది. లోపల తడి చిక్కి ఎవరికీ కనపడకుండా తినేస్తుంది. ముందు ఉప్పు పోయేలా కడగాలి, పూర్తిగా ఆరాలి, తుప్పు గీకాలి, చిల్లు పడ్డచోట రేకు కోసి వెల్డింగ్ చెయ్యాలి. ఆ తర్వాతే మైనం పూత. నవంబరు చలి రాకముందే కావాలి.

అల్లుడు: సరేనండీ, అది చేయిద్దాం. కానీ టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం నిశ్చింత. ప్రూఫ్ ఉంది! (ఒక పాత స్టిక్కరు చూపిస్తాడు.) జపాను వర్క్‌షాపువాళ్లు అంటించారు. 98,000 దగ్గర మార్చారు. ఇక్కడ 15 అని ఉంది చూడండి, 2015లో. మీటరు ఇప్పుడు 1,71,000. లక్ష కిలోమీటర్లకి మార్చాలి కదా, ఇంకా 27 వేలు టైముంది.

మామగారు: (కాఫీ గ్లాసు కింద పెట్టి) అల్లుడుగారూ, బండి ఈ దేశం ఎప్పుడొచ్చింది?

అల్లుడు: 2008లో.

మామగారు: 2008లో ఇక్కడికొచ్చిన బండికి 2015లో జపానులో బెల్టు ఎలా మార్చారండీ?

(మౌనం. సర్వజ్ఞుడు కాఫీ ఊదుకుంటాడు.)

అమ్మాయి: ఆగండి... జపానువాళ్లు చక్రవర్తి పాలన నుంచి ఏళ్లు లెక్కపెడతారట. హెయ్‌సెయ్ శకం 1989లో మొదలు. అంటే పదిహేనో ఏడు... 2003!

మామగారు: ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు! కిలోమీటర్ల మాట తర్వాత, వయసు మీదే అయిపోయింది. అయినా లెక్క పూర్తి చేద్దాం. డిపోలో లాగ్‌షీటు చూడనిదే నాకు అన్నం సహించేది కాదు. అమ్మాయ్, ఇక్కడి మొదటి ఎంఓటీలో మీటరెంత?

అమ్మాయి: 1,38,000 కిలోమీటర్లు. తర్వాత ఏడాది నుంచి మైళ్లని ఉంది.

మామగారు: ఇక్కడ స్పీడు మైళ్లలో చూపించాలి కదా, చిప్పు పెట్టారు. అప్పట్నుంచి మీటరు మైళ్లే లెక్కేస్తోంది. అంటే ఈ 1,71,000లో మొదటి లక్షా ముప్ఫై ఎనిమిది వేలు కిలోమీటర్లు, తర్వాతి ముప్ఫై మూడు వేలు మైళ్లు. వాటిని కిలోమీటర్లు చేస్తే 53 వేలు. జపానులో బెల్టు వేశాక తిరిగింది 40 వేలు. మొత్తం?

అల్లుడు: ...93 వేలు.

మామగారు: మీ 27 వేలు ఏడు వేలయ్యాయి. మీరు రాసే ప్రోగ్రాముల్లో ఇలా రెండు కొలతలు ఒకే డబ్బాలో పోస్తే ఊరుకుంటారా?

సర్వజ్ఞుడు: పార్టులు దొరకవు అంకుల్! ఈ మోడలు ఇక్కడ కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు. షాపులో నంబరుప్లేటు కొడితే కంప్యూటరు తెల్లమొహం వేస్తుంది.

మామగారు: నంబరుప్లేటుతో ఎందుకు వెతకడం? ఛాసిస్ నంబరు చెప్పాలి. జపాను బండ్లకి మనలా పదిహేడు అక్షరాలుండవు, పొట్టిగా ఉంటుంది, అది ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. ఆ నంబరు బట్టే సరైన పార్టు. పైగా ఈ రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను వంశమే పాత ఫోర్డ్ రేంజర్ పికప్పుల్లోనూ ఉందట. మరీ అనాథ కాదు.

సర్వజ్ఞుడు: (మాట మారుస్తూ) అయినా వచ్చే నెల లండన్‌లో మన కార్తీక వనభోజనాలు. అందరం దీన్లోనే వెళ్దాం! పాతబండి కాబట్టి యూలెజ్ కాలుష్య రుసుము మాఫీ.

అమ్మాయి: నలభై ఏళ్లు దాటితే మాఫీ అండీ. ఇది 1996. అంటే 2036 దాటాక వచ్చే కార్తీకానికి. అందాకా ఇలాంటి డీజిలుకి రోజుకి పన్నెండున్నర పౌన్లు. 2023 ఆగస్టు నుంచి లండన్ బరోలన్నిటికీ ఉంది.

సర్వజ్ఞుడు: అయితే... నాకు ఇంట్లో చిన్న పనుంది. (గ్లాసు ఖాళీ చేసి నిష్క్రమణ.)

(మామగారు వంగి టైరు పక్కన నాలుగంకెలు చదువుతారు: 1312.)

అల్లుడు: అది మళ్లీ ఏ శకం మావయ్యగారూ?

మామగారు: ఇది మామూలు శకమే. 2012లో పదమూడో వారం తయారీ. గాళ్లు లోతుగానే ఉన్నాయి, అందుకే పరీక్ష పాసయ్యింది. పక్కల పగుళ్లు చూడండి.

అల్లుడు: అంటే బండి కొని మోసపోయానంటారా?

మామగారు: ఎంతమాట! బండి మంచిదే. గేరు బాక్సు మెత్తగా పడుతోంది, పొగ లేదు, స్టార్టింగు బ్రహ్మాండం. మంచి బండి కాకపోతే ఇంత నిర్లక్ష్యానికి ఇన్నాళ్లు నడిచేదా? మీరు కొనడంలో తప్పు లేదండీ, ఖర్చు పెట్టే దిక్కులోనే ఉంది. మూడు నెలల్లో మీ డబ్బంతా నేలకి మూడడుగుల పైనే పడింది. కింద ఒక్క పౌను పడలేదు.

అమ్మాయి: ఆనింగు ఇంకా బయల్దేరలేదు నాన్నా, క్యాన్సిల్ కొట్టేశాను. జపాను బండ్లు చూసే వర్క్‌షాపులో ఎల్లుండి కాదు, ఆపై మంగళవారానికి దొరికింది.

అల్లుడు: మరి శనివారం లేక్ డిస్ట్రిక్టు ప్రయాణం?

మామగారు: రైల్లో వెళ్దాం. తాళాలు అమ్మాయి దగ్గరుంటాయి. మంగళవారం బెల్టుతో పాటు టెన్షనరు, ఐడ్లరు కూడా కొత్తవి వెయ్యమనండి, వాటికోసం మళ్లీ విప్పితే లేబరు రెండుసార్లు పడుతుంది. హోసులన్నీ ఒకేసారి మార్చమనండి, ఒక్కటే మారిస్తే పక్కది పోతుంది. కూలెంట్ అలారం అప్పుడే పెట్టించండి. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, మైళ్లు మూడూ రాయించుకోండి. ఇంగ్లీషులో.