ఉప్పుగాలిలో కెమెరాల పెంపకం

పాత ఫిల్ము కెమెరాలు పోగుచెయ్యాలని బుద్ధి పుట్టినవాడు ముందుగా చెయ్యాల్సింది విశాఖ జాలరిపేటలో ఇల్లు అద్దెకు తీసుకోవడం. అనంతపురం లాంటి పొడి ఊళ్ళో ఈ సరదాకి రుచే ఉండదు. అక్కడ బీరువాలో పెట్టిన కెమెరా పదేళ్ళ తర్వాత కూడా కెమెరాలాగే ఉంటుంది. మా దగ్గర తలుపు గొళ్ళెమే రెండు వానాకాలాలు ఆగదు. అలాంటి చోట 1966 నాటి యాషికా ఎలక్ట్రో 35ని బతికిస్తానని కూర్చోవడంలో ఒక మగతనం ఉంది. (మా ఆవిడ దీనికి వేరే మాట వాడుతుంది.)

కొనడం తేలిక. వన్‌టౌన్ వైపు పాత సామాన్ల కొట్లు తిరగండి. మీరు రెండోసారి అటు తొంగిచూసేసరికే ధర రెట్టింపవుతుంది కాబట్టి కెమెరాని చూడకుండా, పక్కనున్న ఇస్త్రీపెట్టెని బేరం చెయ్యండి. మన ఊళ్ళో ప్రతి సోవియట్ జెనిట్ కెమెరాకీ ఒక వంశచరిత్ర ఉంటుంది: బీచి రోడ్డులో మ్యూజియం అయి కూర్చున్న కురుసుర జలాంతర్గామి 1969లో రీగాలో మన నౌకాదళంలో చేరినప్పుడు, అందులో వచ్చిన మనవాడు తెచ్చుకున్నదట. నాకు అమ్మినవాళ్ళ లెక్కన చూస్తే ఆ జలాంతర్గామిలో టార్పెడోలకి చోటు మిగిలి ఉండదు. అయినా కొనండి. దాని ముందున్న హీలియోస్ 58 మిల్లీమీటర్ల లెన్సు, జర్మనీ వాళ్ళ బయోటార్‌ని చూసి రష్యావాళ్ళు చేసినది, వెనకున్న ఆకుల్ని సుడిలా తిప్పి చూపిస్తుంది. కెమెరా బరువు గురించి చెప్పను. లంగరు లేని రోజున పనికొస్తుంది.

లైకా చవగ్గా దొరికితే మాత్రం గుండె చిక్కబట్టుకోండి. సోవియట్ ఫెడ్ కెమెరాల మీద పేరు గీకేసి, లైకా అని చెక్కి అమ్మడం ప్రపంచమంతా ఉన్న కుటీర పరిశ్రమ. లెన్సు విప్పి లోపల చూడండి. దూరం కొలిచే మీట కొసన చిన్న చక్రం ఉంటే లైకా, కోసుగా ఉంటే ఫెడ్. ఫెడ్ అయితే బాధపడొద్దు. 1934 నుంచి ఖార్కోవ్‌లో, దిక్కులేని పిల్లల్ని చేరదీసిన కమ్యూనులో తయారైనది. పేరేమో రహస్య పోలీసుల పెద్ద ఫెలిక్స్ ఎడ్మండొవిచ్ జెర్జిన్‌స్కీది. అంత కథ ఏ లైకాకి ఉంది?

ఇక బూజు. గాలిలో తేమ డెబ్భై శాతం దాటి నిలబడితే లెన్సులో బూజు మొలుస్తుంది. మాకు అది వాతావరణం కాదు, బంధుత్వం. మొదట పిల్లి మీసంలాంటి ఒక పోగు. ఓ పండగ గడిచాక చూస్తే సంక్రాంతి ముగ్గు. అది ఊరికే ఉండదు. ఆమ్లం వదిలి పైపూతని తింటుంది, ముదిరితే గాజునీ గీరుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా కలిపి తుడిస్తే బూజు పోతుంది, తిన్న పూత తిరిగిరాదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో దాచమంటారు. నేను మొదట బియ్యం డబ్బాలో దాచాను. లెన్సులోకి పిండి, అన్నంలోకి మరమేకు వచ్చాయి.

ఎండలో పెట్టమనే సలహా కూడా ఉంది, మంచిదే. కాని మా వీధిలో ఎండ చేపలది. మేడమీద నెత్తళ్ళ పక్కన జానెడు చోటిమ్మని పక్కింటి అప్పని బతిమాలి, కాకుల్ని తోలుతూ కూర్చోవాలి. ఇప్పుడు నా హీలియోస్ దగ్గరికి మూడు వీధుల పిల్లులూ వస్తాయి. పాత టకుమార్ లెన్సులకైతే ఎండ మందే. వాటిలో కొన్నింటి గాజులో థోరియం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, ఎండ తగిలితే తేటబడుతుంది. రేడియోధార్మికమని కంగారుపడొద్దు. భీమిలి ఇసకలో మోనజైటు ఉంది, అందులో ఉన్నదీ థోరియమే. మనం తరతరాలుగా దానిమీద కూర్చుని మురీ మిక్చర్ తింటున్నాం.

రిపేరుకి దిగేముందు నేల మీద తెల్ల దుప్పటి పరవండి. గళ్ళ లుంగీ వద్దు. స్ప్రింగు ఎగిరి ఏ గడిలో పడిందో దేవుడికి కూడా తెలియదు. జపాను మరలు స్టార్ స్క్రూడ్రైవరుకి సరిపోయేలా కనిపిస్తాయి, సరిపోవు. అవి వేరే కొలత. మూడు మరల తలలు అరిగాక ఆ సంగతి మీకే తెలుస్తుంది. ఎలక్ట్రోకి కావలసిన 5.6 వోల్టుల బ్యాటరీ ఇప్పుడెవరూ చెయ్యరు గనక ఆరు వోల్టులది పెట్టి, మిగిలిన సందులో బాల్‌పెన్ను స్ప్రింగు దూర్చండి. ఇంట్లో పెన్నులు ఎందుకు రాయడంలేదో ఎవరడిగినా నోరు విప్పొద్దు.

నా జెనిట్ షట్టరు పట్టేసినప్పుడు విసుగెత్తి, బోటు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్ళాను. నేను పోసిన నూనె చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఇందులో చేపలు వేపుదామనుకున్నావేటి బాబూ?"

పెట్రోలు తడిపిన గుడ్డతో ఆ నూనంతా తుడిచేసి, పదిసార్లు నొక్కి, తిరిగిచ్చాడు. "ఉప్పుగాలికి ఇనుం కూకుంటే సచ్చిపోద్ది. రోజూ తిప్పాల. నువ్వు దీంతో ఫొటోలు తియ్యవేటి?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. సిద్ధంగా ఉండండి. ఇరవై మూడు కెమెరాలున్నవాడు ఫొటో తీస్తే ఇరవై నాలుగోది కొనడానికి డబ్బులుండవు. ఫిల్ము ధర అలా ఉంది. ఊటీలో ఇందు ఫిల్ము చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది, కొడాక్ 2012లో దివాలా పిటిషను వేసింది. ఇందులో నా తప్పేముంది?

మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాను. ఆదివారం పొద్దున్నే ఇరవై మూడింటినీ అరుగు మీద పేర్చి, ఫిల్ము లేకుండానే ఒక్కొక్కటీ తిప్పి నొక్కుతాను. వలలు బాగుచేసేవాళ్ళు తల తిప్పి సర్దుకుంటారు. పిల్లలు జుట్టు దువ్వుకుని వరసలో నిలబడతారు, చెల్లెల్ని చంకనెత్తుకుని మరీ. పక్కింటి అప్ప పోయిన పోలమాంబ పండగనాడు పట్టుచీర కట్టుకుని వచ్చి నిలబడింది. ఫొటోలేవని వాళ్ళడిగితే, కడగడానికి మద్రాసు పంపానని చెప్పండి. నేను మూడేళ్ళుగా అదే చెబుతున్నాను.