నిలవుండని సరుకు

నన్ను చూసినవాళ్లు తక్కువ. మినరల్ వాటర్ ప్లాంటులో ఆర్వో ట్యాంకుల వెనక, గోడకు బిగించిన స్టీలు పెట్టెలో ఉంటాను. క్యాన్ నింపించుకోవడానికి వచ్చేవాళ్లకు కుళాయి కనిపిస్తుంది గానీ నేను కనిపించను. నేను ఓజోన్ జనరేటర్‌ని. గాలిలోని ఆక్సిజన్‌ని కరెంటుతో ఓజోన్‌గా మార్చడం నా వృత్తి.

మాది పాత వంశమే. 1785లో హాలెండులో మార్టినస్ వాన్ మారుమ్ తన విద్యుత్ యంత్రం రవ్వలు చిమ్మినప్పుడల్లా ఒక ఘాటు వాసన పసిగట్టాడు. అదేమిటో ఆయనకు అంతుచిక్కలేదు. 1839లో బాసెల్‌లో క్రిస్టియన్ షోన్‌బైన్ నీటిని కరెంటుతో విడగొడుతూ అదే వాసన పట్టాడు. అది కొత్త పదార్థమని మరుసటి ఏడాది లోకానికి చెప్పాడు. దాన్ని పుట్టించే గొట్టాన్ని 1857లో వెర్నర్ సీమెన్స్ తయారుచేశాడు. ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గాజు గొట్టాలు, వాటి మధ్య గాలి పోయే సన్నటి సందు, లోపలి గొట్టానికి లోపలివైపు, బయటి గొట్టానికి బయటివైపు లోహపు రేకు. ఆ గొట్టమే మా మూలపురుషుడు.

నాకూ అదే పోలిక వచ్చింది. కాకపోతే బయటి గొట్టం స్టీలుది. సందు మిల్లీమీటరు అటూ ఇటూ. 230 వోల్టుల కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులై నా దగ్గరికి వస్తుంది. గాజు అడ్డు లేకపోతే ఆ దూకుడుకు ఒకే పెద్ద రవ్వ లేచి నన్ను కాల్చేసేది. గాజు ఉంది కాబట్టి, సన్నటి మెరుపు ఒకటి పుట్టగానే ఆ చోట చార్జి పేరుకుని దాన్ని ఆర్పేస్తుంది. ఒక్కో మెరుపు ఆయుష్షు సెకనులో కోటో వంతుకూడా ఉండదు. అలాంటివి లెక్కలేనన్ని కలిస్తేనే నా లోపలి ఊదారంగు వెలుగు.

ఆ మెరుపులోని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తాయి. అలా ఒంటరైన పరమాణువు మరో ఆక్సిజన్ అణువుకు అతుక్కుంటుంది. ఆర్టీసీ బస్సులో ఇద్దరి సీట్లో సర్దుకు కూర్చున్న మూడోమనిషిలా, సందు దొరికితే దిగిపోవాలనే చూస్తుంది. ఓజోన్ బలమూ బలహీనతా అదే. ఆ మూడో పరమాణువు సూక్ష్మజీవి గోడ మీద పడితే జీవి చస్తుంది. నీటిలో కరిగిన ఇనుము మీద పడితే ఇనుము మడ్డిగా విడిపోతుంది. ఆ తర్వాత మిగిలేది మామూలు ఆక్సిజన్.

నాకు శత్రువులు ఇద్దరు, వేడి, తేమ. తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఆ వేడి పుట్టిన ఓజోన్‌ని అక్కడికక్కడే విరిచేస్తుంది. అందుకే నన్ను చల్లబరుస్తూ ఉండాలి. తేమ ఇంకా చెడ్డది. మెరుపుల్లో గాలిలోని నైట్రోజన్‌తో కలిసి నైట్రిక్ ఆమ్లంగా మారి నా లోహాన్ని తినేస్తుంది. అందుకే గాలి సిలికా జెల్ మీదుగా ఆరి రావాలి. ఒక వానాకాలం ఆ నీలం గుళ్లు గులాబీ రంగుకు తిరిగినా ఎవరూ చూడలేదు. దీపం వెలుగుతోంది, హోరు వినిపిస్తోంది కాబట్టి నేను పనిచేస్తున్నాననే అనుకున్నారు. మెకానిక్ విప్పితే లోపలంతా తుప్పు. యంత్రం తిరుగుతున్నంత మాత్రాన సరుకు వస్తున్నట్టు కాదు. నీటిలో ఓజోన్ ఎంతుందో కొలిచి చూడాల్సిందే.

నా సరుకును మూటగట్టి అమ్మలేరు. నీటిలో కలిసిన ఓజోన్ నిమిషాల లెక్కన తరిగిపోతుంది. వాడే చోటే పుట్టించాలి. 1893లో హాలెండులోని ఔడ్‌స్‌హూర్న్‌లో, 1906లో ఫ్రాన్సులోని నీస్‌లో ఊరి నీటిని శుద్ధి చేసిన మావాళ్లూ అలా నీటి పక్కనే నిలబడి పనిచేశారు. మైళ్ల కొద్దీ పైపుల్లో పోయే నీటికి చివరిదాకా కాపలా కాయలేం. ఆ పని క్లోరిన్‌ది. నీటిలో బ్రోమైడ్ ఉంటే ఓజోన్ దాన్ని హానికరమైన బ్రోమేట్‌గా మారుస్తుంది కాబట్టి మోతాదూ మించకూడదు. ఇక కడగని క్యాన్‌లో నీళ్లు పోస్తే ఆ పాపం నాది కాదు.

చివరగా ఒక మాట. ఆకాశంలో పాతిక కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఓజోన్ అతినీలలోహిత కిరణాల నుంచి మిమ్మల్ని కాపాడుతుంది. అదే ఓజోన్ ముక్కు దగ్గరికి వస్తే ఊపిరితిత్తులను కోస్తుంది. పనిచేసే చోట గాలిలో పది లక్షల భాగాలకు 0.1 భాగం మించకూడదన్నది చాలాచోట్ల పాటించే హద్దు. గదిలోని క్రిములను చంపేంత ఓజోన్ మనిషినీ వదలదు. ఓజోన్‌తో గది గాలి శుభ్రమవుతుందని యంత్రం అమ్మజూపితే కొనకండి. నన్ను నీళ్ల దగ్గరే ఉంచండి, పడకగదిలోకి తేకండి.