‘గీతలైతే లేస్తన్నాయి’ – టీకా తాత్పర్యం

మూలం: "గీతలైతే లేస్తన్నాయి గానీ బావా, సౌండు రావట్నేదు!"

అవతారిక: జి.మాడుగులలో ధింసా పాట రికార్డు చేయబోయిన కుర్రవాడు, మోరి, తుడుము వాయించేవాళ్లు సంతకు వేళైందని లేవబోతుండగా, ఫోనులో నాతో పలికిన వాక్యమిది. ఎదుట డెస్క్‌టాప్ కంప్యూటరు. యూఎస్‌బీ తీగతో కలిపిన సౌండ్ కార్డు. శాస్త్రంలో దీన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు, వాడుకలో ఎవరూ అనరు.

ప్రతిపదార్థం: గీతలు = తెర మీది తరంగాలు; ఐతే = మాత్రం (వాక్యానికి ప్రాణం ఇదే); లేస్తన్నాయి = మైకు, తీగ, కార్డు, డ్రైవరు నాలుగూ పనిచేస్తున్నాయి; బావా = ఓ ఖర్చులేని మెకానిక్కూ; సౌండు = హెడ్‌ఫోనులో వినబడవలసినది; రావట్నేదు = వచ్చుట లేదు. కింది ప్రాంతపు ప్రతుల్లో ‘రావట్లేదు’ అని పాఠం. బాధ ఒక్కటే.

తాత్పర్యం: శబ్దం లోపలికి వచ్చింది, బయటికి పోయే దారి తప్పింది.

విశేషాలు: ‘రావట్నేదు’ ఒక్కటే పట్టుకొని విండోస్ మళ్లీ ఎక్కించమనే వ్యాఖ్యాతలున్నారు. వారు ‘ఐతే’ను చదవలేదు. ఫాంటమ్ బటన్ నొక్కమనేవారూ అంతే. కండెన్సర్ మైకుకు ఆ బటన్ ఇచ్చే 48 వోల్టులు కావాలన్నది నిజమే. అవి అందకపోతే గీతలే లేవవు గదా!

మరి పాట ఎక్కడికి పోయింది? సౌండ్ సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ జాబితా తీయించాను. ‘స్పీకర్స్’ రెండున్నాయి: మదర్‌బోర్డుది ఒకటి, సౌండ్ కార్డుది ఒకటి. మాడుగుల అంటే హల్వా మాడుగుల అనుకొని పార్సిలు ఘాటు ఎక్కకుండా కిందే దిగిపోయినట్టు, పాట కాస్తా సీపీయూ వెనక ఏమీ తగిలించని పచ్చ రంధ్రంలోకి పోతోంది. మనవాళ్లు గంగరాజును ‘జి’గా కుదించి ఊరి ముందు నిలబెట్టుకున్నది ఇందుకే కాబోలు. పక్కన రాసిన కార్డు పేరు చూసి రెండోది ఎంచుకోమన్నాను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ విడిగా మార్పించాను, అది అన్నిసార్లూ విండోస్ మాట వినదు.

వచ్చింది. కానీ మోరి కీచుమంది. సెకనుకు 44,100 నమూనాలతో పట్టినదాన్ని 48,000 చొప్పున మోగిస్తే పాట దాదాపు 9 శాతం పరుగెత్తి, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకెక్కుతుంది. రెండుచోట్లా 44,100 పెట్టించాక తుడుము తుడుములా మోగింది.

పాఠాంతరం: "సౌండు వస్తంది గానీ గుయ్యిమంటంది బావా" అని సాయంత్రం మరో ప్రతి దొరికింది. గుయ్యి అనగా సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు, ఎర్తు సరిలేని చోట పాటలోకి దిగడం. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంత ఎండిపోయి ఉందట. ముందు రెండు బిందెల నీళ్లు పోసి రమ్మన్నాను. టీక ఆ తరవాత.