ఏకగ్రీవంగా మౌనం

ఇరుగుపొరుగు తగాదాల జోలికి పోకుండా నలభై ఏళ్లు నెట్టుకొచ్చిన కూటమి ఏదైనా ఉందంటే అది మన దక్షిణాసియా దేశాల సార్క్. 1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దేశాలు ఆమోదించిన నియమావళిలోనే ఆ ముందుచూపు ఉంది. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా జరగాలి. రెండు దేశాల మధ్య పేచీలు, వివాదాస్పద విషయాలు చర్చకు రాకూడదు. పెళ్లి శుభలేఖలోనే 'దయచేసి వధూవరుల ప్రస్తావన తేవద్దు' అని అచ్చువేయించినట్టు!

ఈ నియమాన్ని మనవాళ్లు ఎంత నిష్ఠగా పాటించారంటే, చివరికి మాట్లాడుకోవడమే మానేశారు. ఆఖరి శిఖరాగ్ర సభ 2014 నవంబరులో కఠ్మాండూలో జరిగింది. శాంతి సౌభాగ్యాల కోసం మరింత గాఢమైన ఏకీకరణ అన్నది ఆ సభ ఇతివృత్తం. ఆ గాఢత తట్టుకోలేకే కాబోలు, మళ్లీ కలవలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో కలవాల్సింది. కశ్మీర్‌లోని ఉరీలో సైనిక శిబిరంపై దాడి జరిగింది, భారత్ రానంది, మరికొన్ని దేశాలూ అదే బాట పట్టాయి. సభ రద్దయింది.

అఫ్గానిస్తాన్ చేరాక సభ్యదేశాలు ఎనిమిదయ్యాయి. అమెరికా, చైనా, జపాన్‌లతో కలిపి పరిశీలకులు తొమ్మిది. సభ్యుల అధినేతలే కలవడం లేదు కదా, పరిశీలకులు దేన్ని పరిశీలిస్తున్నట్టు?

వాణిజ్యం సంగతి ఇంకా ముచ్చట. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006లోనే అమల్లోకి వచ్చింది. అయితే ప్రతి దేశమూ 'సున్నితమైన సరుకులు' అంటూ ఓ జాబితా రాసుకుని, సుంకం తగ్గించనక్కర్లేని వస్తువుల్ని అందులో దాచుకుంది. ఫలితం: ఈ దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది దాదాపు ఐదు శాతం. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాల్లో అది ఇంచుమించు పావు వంతు. అమృత్‌సర్ నుంచి లాహోర్‌కు యాభై కిలోమీటర్లే అయినా, సరుకు దుబాయ్ చుట్టి వెళ్లిన రోజులున్నాయి. మన రెండు దేశాల వైరం వల్ల నికరంగా బాగుపడింది మధ్యలో ఉన్న దుబాయ్ వర్తకుడే.

పోనీ, లారీలైనా తిరుగుతాయా? 2014లో సార్క్ రవాణా ఒప్పందానికి పాకిస్తాన్ అడ్డుపడింది. దాంతో భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ విడిగా అలాంటి ఒప్పందంపై 2015లో థింపూలో సంతకాలు చేశాయి. ఆతిథ్యమిచ్చిన భూటాన్‌లోనే ఎగువసభ దాన్ని తోసిపుచ్చింది.

యూరప్ వాళ్లు మనకంటే మంచివాళ్లేం కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో కోట్ల మందిని చంపుకున్నారు. కానీ 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ మరో నాలుగు దేశాలతో కలిసి, ఫిరంగులు తయారయ్యే బొగ్గు, ఉక్కులనే ఉమ్మడి అజమాయిషీ కింద పెట్టాయి. తగాదా ఎక్కడ పుడుతుందో అక్కడే పని మొదలుపెట్టాయి. మనం తగాదాను గుమ్మం బయటే ఆపి, ఖాళీ గదిలో ఐక్యత గురించి తీర్మానాలు చేసుకున్నాం.

కాబట్టి అయ్యా, తరువాతి శిఖరాగ్ర సభ అంటూ జరిగితే, మొదటి తీర్మానంగా పేచీలు చర్చకు రాకూడదన్న ఆ నియమాన్ని కొట్టేయండి. పోట్లాడుకోవడానికైనా ఒక చోట కూర్చోండి.