రెండు చుట్టల దూరం

మా మనవడు మహేంద్రగిరి ఎక్కబోతున్నాడన్న సంగతి నాకు వాడు చెప్పలేదు, టీపాయ్ మీద పడున్న కాగితం చెప్పింది. రంగురంగుల గళ్ళు, గళ్ళ నిండా టైములు. నిమ్మాడ జంక్షన్లో కారు 3.40కి బయల్దేరుతుంది. 4.25కి పలాసలో టీ. 4.35కి టీ అయిపోతుంది. పది నిమిషాల్లో టీ తాగి లేచినవాడు మా వంశంలో ఇంతవరకు పుట్టలేదు. ఆఖరి గడిలో "రాత్రి 9.10, ఇల్లు" అని ఉంది.

"కొండనడిగేవేట్రా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

వీడు రెండేళ్ళు ఎడింబరోలో ఉద్యోగం చేసొచ్చాడు. అక్కడ బెన్ నెవిస్ అని ఒక కొండ ఎక్కి, ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. బ్రిటన్ మొత్తానికీ అంతకు మించిన ఎత్తు లేదట. 1,345 మీటర్లు. మన మహేంద్రగిరి 1,501. దొరల దేశం మొత్తాన్ని తలదన్నే కొండ మన పెరటి చివరే ఉందిరా అంటే, "నిజమే తాతా, కాని అక్కడ దారి తెలిసేలా రాళ్ళు పేర్చి ఉంటాయి" అన్నాడు. మాకు పేర్చిన రాళ్ళు లేవు. మనుషులుండేవారు.

మా రోజుల్లో ఒక్కపూట కొండకి నెల్లాళ్ళ ఆలోచన. అంతకు ముందు నక్సలైట్ల గొడవ జరిగినన్నాళ్ళూ మందస కొండల వైపు చూస్తేనే ఇంట్లో తిట్టేవారు. ఆ వేడి చల్లారాక, 1975లో, మా మేనమామ నడిపించగా నలుగురం బయల్దేరాం. ఏ నెలలో వెళ్ళాలన్నదే పెద్ద చర్చ. వానాకాలం గెడ్డలు పొంగుతాయి. కార్తీకంలో తుపాను భయం. ధనుర్మాసంలో నూర్పులు. ఎండాకాలం గెడ్డలెండిపోయి గొంతు తడుపుకోడానికి చుక్క దొరకదు. మిగిలింది మాఘం. అందులోనూ శివరాత్రి వద్దన్నాడు మావయ్య. ఆ రోజు జనం దేవుడి కోసం ఎక్కుతారు, దారి చెప్పే మనిషి దొరుకుతాడు గాని కాలు పెట్టుకునే రాయి దొరకదని.

ఇప్పుడైతే ఫోను చూసుకుని వాన పన్నెండు శాతం అంటాడు వీడు. ఆ పన్నెండు శాతం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ వస్తోందని ఫోన్లు ముందే మొత్తుకున్నాయి, ఒప్పుకుంటాను. పడిపోయిన కొబ్బరిచెట్టునీ జీడిచెట్టునీ లేపి నిలబెట్టడం మాత్రం ఏ ఫోనుకీ చేతకాలేదు.

కోటబొమ్మాళిలో పాసింజరెక్కి నౌపడ, పూండి, పలాస దాటి మందస రోడ్డులో దిగాం. మూటల్లో చద్దన్నం, చోడిపిండి, బెల్లం, అటుకులు. నీళ్ళకి ఎండిన ఆనపకాయ బుర్రలు. వీటన్నిటికంటే ముందు కట్టిన మూట వేరే ఉంది. రెండు వీశెల ఉప్పు, ఉద్దానం రేవు నుంచి తెచ్చిన ఎండుచేపలు. అవి మాకు కాదు, కొండ మొదట్లో మేం పడుకోబోయే సవర గూడేనికి. పట్నంలో చుట్టాలింటికి పళ్ళు పట్టుకెళ్ళమా, అలాగే. మందసలో కోవా తిన్నాం, వాసుదేవస్వామికి దండం పెట్టుకున్నాం, చీకటి పడేవేళకి గూడెం చేరాం.

సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేసినాయనే. మా మావయ్యకి వచ్చినవి ఇరవై మాటలు, అందులో పది తిండి మాటలు. ఆ ఇరవైతోనే నాలుగు చాపలు, ఒక నెగడు, తెల్లారి దారి చూపడానికి ఒక కుర్రాడు కుదిరారు.

ఎంత దూరమని అడిగితే, అరుగు మీద అడ్డపొగ పీలుస్తున్న ముసలమ్మ, నోట్లోంచి చుట్ట తియ్యకుండానే రెండు వేళ్ళు చూపించింది. రెండు చుట్టల దూరం. మావయ్య తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. మర్నాడు ఐదో చుట్ట వెలిగించినా శిఖరం కనిపించలేదు. "ఆవిడ చుట్ట లెక్క వేరూ, నా చుట్ట లెక్క వేరూ" అని దార్లో కూలబడ్డాడు.

ఈ మాట చెప్తే మనవడు నైస్మిత్ లెక్క తీశాడు. 1892లో ఒక స్కాట్లాండు పెద్దమనిషి కట్టిన లెక్కట. మూడు మైళ్ళ నడకకి గంట, పైన ప్రతి రెండువేల అడుగుల ఎత్తుకి ఇంకో గంట. మన కొండ దగ్గర దగ్గర ఐదువేల అడుగులు కాబట్టి ఒక్క ఎత్తుకే రెండున్నర గంటలు. బాగానే ఉంది. ఆ పెద్దమనిషికి దారిలో పండు కోసి పెట్టేవాళ్ళు ఎదురై ఉండరు. అంబలి తాగి వెళ్ళమని చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళూ ఉండరు. కొండచీపుళ్ళ మోపు నెత్తిన పెట్టుకుని దిగుతున్న ఆడవాళ్ళకి దారి వదలాలంటే పక్కకి తప్పుకుని నిలబడాలి, ఆ టైము ఏ గడిలో వేస్తాడు? మావయ్యకి ఒక్కటే లెక్క. నీడ కాళ్ళకిందకి వస్తే ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే, శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే.

నీడ వచ్చేలోపే చేరుకున్నాం. కుంతి, ధర్మరాజు, భీముడు, పాండవుల పేర్లతో రాతి గుళ్ళు. భీముడి గుడి మరీ చిన్నది, పేరుకే భీముడు. ముఖలింగంలో కూర్చుని ఏలిన గాంగరాజులు తమ రాగిరేకుల్లో ముందు తలుచుకునేది ఈ కొండ మీది గోకర్ణేశ్వరుణ్ణే. రాజేంద్రచోళుడి వాళ్ళు తమిళదేశం నుంచి ఇంత దూరం వచ్చి శాసనం చెక్కించి పోయారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు గెలుపు రాసుకోడానికి ఈ రాయే కావాలనుకున్నారంటే, మావాడి గోడ మీద బెన్ నెవిస్ ఏం పనికొస్తుంది? తూర్పుకి తిరిగితే దూరంగా సముద్రం గీత. ఈ కొండలో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర అందులోనే కలుస్తుంది. శిఖరం ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది గాని, నీళ్ళు మాత్రం మా వైపే దిగుతాయి. అటు నుంచి ఈ రోజుల్లో బళ్ళు దాదాపు పైదాకా పోతున్నాయి. దిగి నాలుగడుగులు వేసి, చేతులు చాపి ఫొటో దిగి, కొండెక్కామంటారు.

ఇక్కడికి వచ్చేసరికి నేను కథ ఆపేస్తాను. యాభై ఏళ్ళుగా ఇక్కడే ఆపుతున్నాను. ఈసారి మా ఆవిడ వంటింట్లోంచి అందుకుంది.

"మర్నాడొచ్చేస్తామని ఎల్లి మూడోనాడొచ్చేరు. మీరు రాలేదని మీ అమ్మ మొక్కితే, ఆ మొక్కు నాను ఈ ఇంటికొచ్చేక తీర్చేను."

ఏం చెప్పను? నీడ కాళ్ళకిందకి వచ్చింది. మావయ్య లేవమన్నాడు. ఇంకాసేపు సముద్రం చూద్దామన్నది నేనే. దారి చూపిన కుర్రాడు పోడు పనుందని ముందే దిగిపోయాడు. మంచు ఒక్కసారిగా కమ్మింది, మేం దిగింది అవతలి వైపు. ఆ రాత్రి గెడ్డ ఒడ్డున అటుకులు నమిలాం. మర్నాడు కలప లారీవాడెవడో జాలిపడి ఎక్కించుకుంటే పర్లాకిమిడిలో తేలాం. అక్కణ్ణించి రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్నరైలు. అది నౌపడ చేరేలోగా నడిచైనా ఇల్లు చేరేవాళ్ళమేమో. 2004లో ఆ చిన్నపట్టాలు పీకేశారు, తర్వాత పెద్దరైలు వచ్చింది. ఆ చిన్నరైలుకి ఏడ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఎందుకో ఇంట్లో చెప్పలేదు.

మనవడు పడీపడీ నవ్వి, గళ్ళ కాగితం తీసి, "మధ్యాహ్నం 12.00, వెనక్కి" అని ఒక గడి కలిపాడు. నా పేరేం వేయలేదు.

ఆ కాగితంలో పవర్ బ్యాంకు ఉంది, మోకాలి పట్టీ ఉంది, నాలుగు రకాల బిస్కట్లున్నాయి. గూడేనికి ఏమీ లేదు. గూడెంలో ఆగరట, కారు పక్కన పెట్టుకుని ఫోను చూపించే దారిన పోతారట. కిలో ఉప్పు, ఎండుచేపల పొట్లం తెచ్చి వాడి సంచిలో పెట్టాను. తీసి బయట పెట్టాడు, కారంతా కంపు కొడుతుందని. మళ్ళీ పెట్టాను. రాత్రి వాళ్ళ నానమ్మ ఏం చెప్పిందో ఏమో, తెల్లారగట్ల చూస్తే పొట్లం సంచిలోనే ఉంది, మూడు పాలిథిన్ కవర్లలో చుట్టి.