తొయ్యడమే తెలిసిన మిషను

సబ్బులు, పేస్టులు, టీపొడి అమ్మే కంపెనీలన్నీ సప్లై చెయిన్ టెక్నాలజీ మీద కోట్లు పోస్తున్నాయట. పోయండి నాయనా, ఎవరొద్దన్నారు? ఎక్కడ పోస్తున్నారన్నదే నా గొడవ. తెనాలిలో పాత స్టాకిస్టుని. ఏజెన్సీ ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని సణుగుతుంటాను.

మా రోజుల్లో ఇండెంటు మనిషి రాసేవాడు. దుగ్గిరాల లైనుకెళ్లిన సేల్స్‌మన్ సాయంత్రం సైకిలు దిగుతూనే పసుపు యార్డులో రేటెంత పలికిందో చెప్పేవాడు, ఆర్డరు పుస్తకం తియ్యడం ఆ తర్వాత. రేటు బాగుంటే పెద్ద సబ్బులు, పడిపోతే చిన్నవి. మూఢం ఎప్పుడు పోతుందో, ముహూర్తాలెన్నున్నాయో పంచాంగం చూసి చీటీ రాసుకుని డిపోకి ట్రంకాల్ బుక్ చేసేవాళ్లం. లైను కలిసేసరికి మధ్యాహ్నం, వినపడేది సగం. అరడజనంటే ఆరు డజన్లు దించిపోయిన లారీలూ ఉన్నాయి, కాదనను.

ఇప్పుడు ఆర్డరు దానంతటదే పడుతుంది. కంపెనీ మిషను పోయినేడు ఇదే నెలలో ఎంత పోయిందో చూసి ఈ ఏడు అంత సరుకు తోలేస్తుంది. 2023లో శ్రావణాలు రెండొచ్చాయి. జూలై 18 నుంచి అధికం, ఆగస్టు 17 నుంచి నిజం. అధిక మాసంలో పెళ్లెవడు చేస్తాడు, నోమెవరు పడతారు? మిషనుకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. జూలై ఆఖరుకల్లా మా గోడౌనులో కాలు పెట్టే సందు లేకుండా పెట్టెలు దిగాయి. తీరా అసలు శ్రావణం వచ్చేసరికి డబ్బంతా ఆ పెట్టెల్లో ఇరుక్కుని, అడిగిన సరుకు తెప్పించడానికి చేతిలో పైసా ఆడలేదు. "సిస్టం జనరేటెడ్ అండీ బాబాయిగారూ" అన్నాడు కంపెనీ కుర్రాడు, అదేదో దైవాజ్ఞ అయినట్టు.

మా ఊరి ముచ్చటే అనుకోకండి. అమెరికాలో హెర్షీ చాక్లెట్ల వాళ్లు ఎస్‌ఏపీతో కలిపి మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు, 11 కోట్ల 20 లక్షల డాలర్ల సరంజామా కొన్నారు. నాలుగేళ్లు పడుతుందన్న పనిని రెండున్నరేళ్లలో అవగొట్టాలన్నారు. 1999 జూలైలో, హాలోవీన్ ఆర్డర్లు మొదలయ్యే వేళ మీట నొక్కారు. గోడౌన్లలో చాక్లెట్లున్నాయి, కొట్లకి మాత్రం చేరలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు నీళ్లపాలు. పండగ ముందు తూకం రాళ్లు మార్చకూడదని మా గుమాస్తాకి కూడా తెలుసు.

మంచి లేదా అంటే, ఉంది. 2017లో జీఎస్టీ వచ్చాక చెక్‌పోస్టుల దగ్గర లారీల పడిగాపులు పోయాయి. రాష్ట్రానికో డిపో పెట్టుకోవాల్సిన అవసరమూ తగ్గింది. కానీ అది పన్ను మారడం వల్ల, సాఫ్ట్‌వేరు మహత్యం వల్ల కాదు. డిపోతోపాటు డిపో మేనేజరూ పోయాడు. ఇదివరకు ఎదురుగా కూర్చుని పోట్లాడేవాళ్లం, ఇప్పుడు టికెట్టు నెంబరిస్తారు.

అసలు కడుపుమంట చెప్తా వినండి. పైవాళ్లకి ఏది కనపడాలో అదే కొంటారు. సరుకు తొయ్యడానికి ఒకటి, సేల్స్‌మన్ ఏ సందులో నిలబడ్డాడో చూడ్డానికి జీపీఎస్ ఒకటి, కిరాణావాడు రాత్రిపూట ఫోన్లో ఆర్డరు పెట్టుకోడానికి యాప్ ఒకటి, యూనిలీవర్ వాళ్ల శిఖర్ లాంటిది. ఆ యాప్ పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ కారిపోయిన షాంపూ, ఎలకలు కొట్టిన బిస్కట్లు, డేటు దాటిన టీపొడి సంగతేమిటి? ఒక్కోదానికీ ఫోటో తియ్యాలి, ఎక్సెల్లో ఎక్కించాలి, ఆఫీసరొచ్చి చూసేదాకా ఆ కంపు గోడౌనులోనే భరించాలి. బిల్లు డబ్బు మాత్రం సరుకు దిగకముందే బ్యాంకులోంచి లాగేసుకుంటారు. క్రెడిట్ నోటుకి నెలలు. మా రోజుల్లోనూ క్లెయిము ఆలస్యమే, అప్పుడు పోస్టుమీద నెట్టేవాళ్లు. ఇప్పుడు దేనిమీద నెడతారు? పైగా కంప్యూటరు మాది, ప్రింటరు మాది, దాని ముందు కూర్చునే పిల్లవాడి జీతం మాది.

కొత్త వెర్షన్లో పండగల క్యాలెండరు పెడుతున్నారట. క్లెయిముల పేజీ ఎప్పుడొస్తుందో కనుక్కోరా అంటే మావాడు ఫోను చేసి అడిగాడు. అది తర్వాతి ఫేజులోనట.